రక్తం మధ్యలో ఆగిపోతే ముందు చూడవలసింది సంచిని కాదు, చేతిని

సెలైన్ ఎక్కించే మామూలు గొట్టంతో, అంటే ఐవీ సెట్‌తో, రక్తం ఎక్కించకూడదు. మీ ఉత్తరంలో అడిగిన నాలుగు ప్రశ్నలలో షరతులు లేని సమాధానం దీనికొక్కదానికే ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మధ్యలో ఆగిపోయిన రక్తాన్ని కదిలించడానికి సంచికి ప్రెషర్ బ్యాగు (గాలి నింపి సంచిని పిండే పట్టీ) కట్టవచ్చా, ఫ్రిజ్ నుంచి వచ్చిన ప్రతి సంచినీ వెచ్చచేయాలా, వార్డులో ఉన్న ఇన్ఫ్యూజన్ పంపులో రక్తం పెట్టవచ్చా అన్న మిగిలిన మూడూ ఏ రోగికి, ఎంత వేగంతో, సిరలో పెట్టిన ఏ క్యానులా గొట్టంలోంచి అన్న వివరం తెలిస్తే తప్ప తేలేవి కావు. నర్సుగా చేరి ఏడాది నిండలేదనీ, ఒకే వార్డులో ముగ్గురు సీనియర్లు మూడు విధాలుగా చెబుతున్నారనీ రాశారు. మత్తు వైద్యంలో పాతికేళ్లకు పైగా గడిపినవాడిగా నాకు తోచేదేమిటంటే, ఆ ముగ్గురూ తాము చూసిన ఒక్కో సందర్భాన్ని నియమంగా మార్చుకుని ఉంటారు. పరికరం లోపల ఏం జరుగుతుందో తెలిస్తే ఎవరి మాట ఎక్కడ వర్తిస్తుందో మీరే తేల్చుకోగలరు.

ముందుగా సెట్ సంగతి. దాత నుంచి 450 మిల్లీలీటర్ల రక్తం తీసే సంచిలో 63 మిల్లీలీటర్ల ద్రావణం ముందే ఉంటుంది. అందులోని సిట్రేట్ రక్తంలో ఉన్న కాల్షియాన్ని పట్టి ఉంచడం వల్ల రక్తం గడ్డకట్టదు. అయితే గడ్డకట్టకపోవడం అంటే వారాల తరబడి అందులో ఏమీ మారకపోవడం కాదు. నిల్వ ఉన్నకొద్దీ ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, ఫైబ్రిన్ పోగులు కలిసి చిన్న చిన్న ముద్దలవుతాయి. ఒక్కోసారి కంటికి కనిపించేంత గడ్డలూ ఉంటాయి. రక్తం కోసమే చేసిన బ్లడ్ సెట్‌లోని జల్లెడ రంధ్రాలు సుమారు 170 నుంచి 200 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటాయి. ఎర్రకణం వెడల్పు 7, 8 మైక్రాన్లే కనుక కణాలన్నీ ఏ ఒత్తిడీ లేకుండా దాటిపోతాయి, గడ్డలు మాత్రం మిగిలిపోతాయి.

చాలా ఐవీ సెట్లలో చుక్కలు పడే చాంబర్ అడుగున ఉండే వడపోత 15 మైక్రాన్లది. అది సెలైన్‌లో పొరపాటున ఉండే రబ్బరు, ప్లాస్టిక్ నలుసుల కోసం పెట్టినది. ఒక్కో ఎర్రకణం విడిగా అయితే అందులోంచి దూరగలదు కానీ, చిక్కటి ప్యాక్డ్ సెల్స్‌తో (ప్లాస్మా చాలావరకు తీసేసిన ఎర్రకణాలతో) పాటు వచ్చే ముద్దలు ఆ చిన్న బిళ్లను త్వరగానే పూడ్చేస్తాయి. ‘మేము చాలాసార్లు ఐవీ సెట్‌తోనే ఎక్కించాం, ఏమీ కాలేదు’ అనేవారికి రెండో అవకాశం గుర్తుచేయాలి: ఆ సెట్‌లో అసలు వడపోతే లేకపోయి ఉండవచ్చు. అప్పుడు రక్తం ఎంతో సాఫీగా ఎక్కుతుంది, గడ్డలతో సహా. అంటే ఐవీ సెట్ వాడితే రక్తం ఆగిపోవడమో, ఆగవలసినది ఆగకపోవడమో జరుగుతుంది. బ్లడ్ సెట్ లేకపోతే అది దొరికేదాకా సంచిని బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్‌లోనే ఉంచమనాలి. సంచి వార్డుకు వచ్చాక సెట్ కోసం వెతకడం తలకిందుల పని.

రెండు సెట్లూ చూడటానికి ఒకేలా ఉన్నాయని మీరు రాసినది సగం నిజమే. చాంబర్‌ను వెలుతురుకు ఎత్తిపట్టుకుని చూడండి. బ్లడ్ సెట్‌లో చాంబర్ పొడవుగా ఉండి, లోపల నిలువుగా ఒక సన్నని వల తొడుగులాగా వేలాడుతుంది. కొన్నింటిలో పైన వల ఉన్న గది, కింద చుక్కలు పడే గది అని రెండు గదులుంటాయి. వల విస్తీర్ణం ఎంత ఎక్కువ ఉంటే, పూడుకుపోయే లోపల అంత ఎక్కువ రక్తం దిగుతుంది. అందుకే మొదటిసారి నింపేటప్పుడు చాంబర్‌ను మెల్లగా నొక్కి వదులుతూ వల మొత్తం రక్తంలో మునిగేదాకా నింపాలి. ఒకే గది ఉన్న సెట్ అయితే చుక్కలు లెక్కపెట్టడానికి పైన కొంత ఖాళీ ఉంచాలి. రెండు గదులవి అయితే పై గది పూర్తిగా, కింది గది సగం వరకు నిండాలి. వల పొడిగా ఉండగా చుక్కలు దాని ఒక మూల మీదే పడుతుంటే ఆ మూల ఒక్కటే పనిచేసి త్వరగా పూడుతుంది, కణాలకూ దెబ్బ తగులుతుంది. గంట తరువాత ‘రక్తం దిగడం లేదు’ అని పిలిచిన పిలుపులలో కొన్నింటికి కారణం, మొదటి నిమిషంలో సగమే మునిగిన ఈ వలే.

సెట్ పైకొసన ఉన్న మొనను, అంటే స్పైక్‌ను, సంచి మూతిలో గుచ్చడం చిన్న పనే అయినా అందులో ఒక సంచి పోగొట్టుకోవడం తేలిక. గొట్టాన్ని నొక్కి ప్రవాహాన్ని అదుపుచేసే చక్రాన్ని, అంటే రోలర్ క్లాంప్‌ను, ముందే మూసివేసి, సంచిని బల్ల మీద పడుకోబెట్టి గానీ స్టాండుకు తగిలించి గానీ, మూతి రెక్కలు విప్పి, స్పైక్‌ను తిన్నగా పట్టుకుని మెల్లగా తిప్పుతూ లోపలికి నెట్టాలి. వంకరగా నెడితే మొన మూతి గోడలోంచి బయటికి వస్తుంది. అలా చిల్లుపడిన సంచికి టేపు చుట్టి వాడినవారిని నేను చూశాను. రక్తం కారడం ఆగుతుంది గానీ, సూక్ష్మజీవులకు తెరుచుకున్న దారి మూసుకోదు. ఆ సంచిని వదులుకోవలసిందే.

చుక్కల లెక్కలో మీకు కలిగిన గందరగోళం సహజం. బ్లడ్ సెట్లలో సాధారణంగా 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. కానీ అన్ని ఐవీ సెట్లూ అలా ఉండవు, మైక్రో సెట్‌లో 60 చుక్కలకు గానీ మిల్లీలీటరు కాదు. కాబట్టి ప్యాకెట్ మీద అచ్చువేసిన అంకె చూసే లెక్క వేయాలి. 300 మిల్లీలీటర్ల సంచిని 3 గంటలలో ఎక్కించాలనుకుందాం. మొదటి 15 నిమిషాలు రోగి పక్కనే ఉండి నిమిషానికి 20 చుక్కల చొప్పున పంపితే 15 మిల్లీలీటర్లు వెళ్తాయి. మిగిలిన 285 మిల్లీలీటర్లు 165 నిమిషాలలో పోవాలంటే నిమిషానికి సుమారు 35 చుక్కలు. ప్రమాదకరమైన ప్రతిచర్యలలో చాలావరకు ఆ తొలి నిమిషాలలోనే బయటపడతాయి కనుక మొదట నెమ్మదిగా పంపడం వల్ల శరీరంలోకి వెళ్లిన సరిపడని రక్తం కొద్దిపాటిదే అవుతుంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, వృద్ధులకు ఈ వేగం ఇంకా తగ్గించవలసి రావచ్చు. అది డాక్టరు రాతలో ఉండాలి.

అదే గొట్టంలో ఇంకేదైనా పంపవచ్చా అన్నదానికి, 0.9 శాతం సెలైన్ తప్ప మరేదీ వద్దని గుర్తుపెట్టుకోండి. రింగర్ లాక్టేట్‌లో కాల్షియం ఉంది. సిట్రేట్ పట్టి ఉంచినదానికి మించి కాల్షియం చేరితే గొట్టంలోనే గడ్డ తయారుకావచ్చు. 5 శాతం డెక్స్ట్రోజ్‌లో ఎర్రకణాలు ఒకదానికొకటి అంటుకుని, ఉబ్బి పగులుతాయి. మందులు సంచిలో కలపడం గానీ, అదే గొట్టంలోకి ఇవ్వడం గానీ చేయకూడదు. వాటివల్ల కణాలు చెడవచ్చు. అంతకంటే ముఖ్యంగా, రోగికి దద్దురు వస్తే అది మందు వల్లనో రక్తం వల్లనో చెప్పగలిగే దారి ఉండదు.

ఇక మీ రెండో ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. సగం సంచి ఎక్కాక చుక్కలు ఆగిపోయాయనీ, ఒక సీనియర్ ప్రెషర్ బ్యాగు కట్టి గాలి కొట్టారనీ, కాసేపు దిగి మళ్లీ ఆగిపోయిందనీ రాశారు. రోగి చేతికి ఏ సైజు క్యానులా ఉందో మాత్రం రాయలేదు. నేను మొదట అడిగేది అదే.

గొట్టంలోంచి ద్రవం పారే వేగాన్ని అన్నిటికంటే ఎక్కువగా నిర్ణయించేది దాని లోపలి వెడల్పు. మిగతావన్నీ అలాగే ఉండి వ్యాసార్ధం రెట్టింపైతే ప్రవాహం రెట్టింపు కాదు, 16 రెట్లవుతుంది. పొడవు రెట్టింపైతే ప్రవాహం సగమవుతుంది. ద్రవం చిక్కదనం పెరిగినకొద్దీ తగ్గుతుంది. క్యానులాల తయారీదారులు నీటితో కొలిచి ఇచ్చే అంకెలలో ఈ తేడా కనిపిస్తుంది: గులాబీ రంగు 20 గేజ్‌లో (గేజ్ అంకె తగ్గేకొద్దీ క్యానులా లావవుతుంది) నిమిషానికి సుమారు 60 మిల్లీలీటర్లు, ఆకుపచ్చ 18లో 90కి పైగా, బూడిదరంగు 16లో సుమారు 200, నారింజ 14లో 300 దాకా. తయారీని బట్టి ఈ అంకెలు కొంత మారతాయి. ప్యాక్డ్ సెల్స్ నీటికంటే ఎంతో చిక్కన కాబట్టి వాటి వేగం ఇంకా తక్కువగానే ఉంటుంది. సంచిని ఎంత పిండినా నీలం 22 గేజ్ చేత 16 గేజ్ పని చేయించలేరు. మెడలో వేసిన సెంట్రల్ లైన్ పెద్దదిగా కనిపిస్తుంది కదా అని దాన్నే నమ్ముకునేవారూ ఉన్నారు. సన్నగా, పొడవుగా ఉండే ఆ గొట్టంకంటే చేతిలోని పొట్టి, లావు క్యానులాలోంచే రక్తం వేగంగా వెళ్తుంది. విపరీతంగా రక్తం పోతున్నవారికి మేము ముందు రెండు చేతులకూ 16 గానీ 14 గానీ పెట్టాలని చూడటానికి కారణం ఇదే.

అలాగని సన్న క్యానులాలోంచి రక్తం ఎక్కించకూడదని దీని అర్థం కాదు. పిల్లలకు 24 గేజ్‌లోంచి కూడా ఎక్కిస్తాం, నెమ్మదిగా. ఎర్రకణాలకు చేటు చేసేది సన్నని దారి కాదు, ఆ సన్నని దారిలోంచి బలవంతంగా తోయడం. 3 గంటలలో ఒక సంచి ఎక్కవలసిన స్థిరమైన రోగికి 20 గానీ, సిర బాగుంటే 22 గానీ సరిపోతుంది.

కాబట్టి చుక్కలు ఆగినప్పుడు పైనుంచి కిందికి కాదు, రోగి చేతి నుంచి పైకి వెతకాలి. ముందు కట్టు తీసి క్యానులా ఉన్న చోటు చూడండి: వాపు ఉందా, చర్మం బిగుసుకుందా, ముట్టుకుంటే రోగికి నొప్పి పుడుతోందా. రెండో చేతితో పోల్చి చూస్తేనే కొద్దిపాటి వాపు తెలుస్తుంది. వాపు ఉంటే వెంటనే ఆపి, క్యానులా తీసి వేరేచోట పెట్టాలి, అక్కడ ఇంక వాదన లేదు. వాపు లేకపోతే మోచేయి, మణికట్టు వంగి ఉన్నాయేమో చూసి చాపండి. బీపీ కొలిచే పట్టీ అదే చేతికి ఉందేమో చూడండి. నవ్వు రావచ్చు గానీ, నేను ఈ కారణం కనిపెట్టడానికి పావుగంట వృథా చేసిన రోజొకటి ఉంది. చల్లటి రక్తం తగిలి సిర ముడుచుకుపోయి ఉంటే క్యానులాకు పైభాగాన చేతిని పొడి దుప్పటితో చుట్టి కాసేపు వెచ్చగా ఉంచితే చాలాసార్లు ప్రవాహం తిరిగి వస్తుంది.

ఆ తరువాత గొట్టం. రోలర్ క్లాంప్ ఒకే చోట గంటల తరబడి బిగించి ఉంటే, చక్రం వదులు చేసినా గొట్టం అక్కడ చప్పిడిగా అతుక్కుపోయి ఉంటుంది. క్లాంప్‌ను రెండు వేళ్ల వెడల్పు కిందికి జరిపి, నొక్కుపడిన భాగాన్ని వేళ్ల మధ్య గుండ్రంగా నలిపితే తిరిగి విచ్చుకుంటుంది. ఆ తరువాత చాంబర్‌లో వల ఎలా ఉందో చూడాలి. దాని మీద ముదురు రంగు ముద్దలు పేరుకుని, మట్టం పడిపోయి ఉంటే సెట్ మార్చడమే పరిష్కారం. చివరగా సంచి: రోగి గుండెకంటే సుమారు మీటరు ఎత్తులో ఉందా, కణాలు అడుగున దిగి చిక్కబడ్డాయా. మెల్లగా రెండు మూడుసార్లు తలకిందులు చేస్తే కలుస్తాయి, కుదపకూడదు. క్యానులాలోనే గడ్డకట్టిందనిపిస్తే సిరంజితో బలంగా తోసి ‘తెరిపించడం’ మాత్రం వద్దు, ఆ గడ్డ వెళ్లేది రోగిలోకే.

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక వృద్ధురాలికి అర్ధరాత్రి రక్తం ఎక్కుతోంది. అరచేతి వెనుక నీలం క్యానులా. రక్తం దిగడం లేదని ఎవరో ప్రెషర్ బ్యాగు కట్టి, దాని పీడనం చూపే ముల్లు 300 దగ్గరికి తెచ్చి, వేరే పనిమీద వెళ్లారు. కట్టాక చుక్కలు ధారాళంగా పడ్డాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆమెకు మగత, నొప్పి అని చెప్పలేదు. నేను దుప్పటి తొలగించేసరికి ముంజేయి సగం దాకా ఉబ్బి, నల్లగా కమిలి, ఆమె వేలి ఉంగరం కండలో దిగబడి ఉంది. ఉంగరాన్ని కోసి తీయవలసి వచ్చింది. చెయ్యి దక్కింది గానీ వాపు తగ్గడానికి చాలా రోజులు పట్టింది. క్యానులా సిరలోంచి జారిపోయినప్పుడు రక్తం దానంతటది ఆగడం ఒక హెచ్చరిక. ఆ హెచ్చరికను ప్రెషర్ బ్యాగు నోరు నొక్కేసింది. అప్పటి నుంచి ప్రెషర్ బ్యాగు కట్టమని ఎవరైనా అంటే నేను ముందు దుప్పటి తీస్తాను.

ప్రెషర్ బ్యాగుకు సరైన స్థానం ఒకటుంది: రోగికి రక్తం వేగంగా పోతూ ఉండి, క్యానులా లావుగా ఉండి, అది సిరలోనే ఉందని తేలినప్పుడు. అప్పుడు కూడా ముల్లు 300 మిల్లీమీటర్ల పాదరస పీడనం దాటకూడదు, పట్టీ సంచి మొత్తాన్ని సమంగా కప్పాలి, పక్కన ఒకరు నిలబడి ఉండాలి. బీపీ పట్టీని సంచికి చుట్టి గాలి కొట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది. అది సంచిని ఒకవైపే నొక్కడం వల్ల అతుకు విడిపోయే ప్రమాదం ఉంది. సంచిలోని గాలిని, గొట్టంలోని బుడగలను ప్రెషర్ బ్యాగు కట్టడానికి ముందే తీసివేయాలి. గాజు సీసాల కాలంలో ఈ భయం ఇంకా పెద్దది. సీసా ముడుచుకోదు కనుక రక్తం దిగాలంటే లోపలికి గాలి పోవాలి, ఒత్తిడి పెడితే ఆ గాలి సిర దాకా రాగలదు. 1950లో అమెరికన్ సర్జన్ కార్ల్ వాల్టర్ తెచ్చిన ప్లాస్టిక్ సంచి ఖాళీ అవుతున్నకొద్దీ తానే ముడుచుకుంటుంది, గాలిరంధ్రం అక్కర్లేదు. పగలదన్న సౌకర్యంకంటే ఈ గుణమే దాని పెద్ద మేలని నా అభిప్రాయం.

మూడో ప్రశ్న, వెచ్చచేయడం. మామూలు వేగంతో ఎక్కే రక్తాన్ని వెచ్చచేయనక్కర్లేదు. నిమిషానికి రెండు మిల్లీలీటర్ల లోపు పారే రక్తం గొట్టంలో ప్రయాణించేటప్పుడే గది వేడిని చాలావరకు అందుకుంటుంది. మిగిలిన చలిని శరీరం సులభంగా సర్దుకుంటుంది. అవసరం వచ్చేది వేగం పెరిగినప్పుడు. పెద్దలలో శరీర బరువు ప్రతి కిలోకు గంటకు 50 మిల్లీలీటర్లు, పిల్లలలో 15 మిల్లీలీటర్లు మించి ఎక్కిస్తుంటే వార్మర్ పెట్టాలి. శిశువులకు రక్తం మార్చే ప్రక్రియలోనూ, చలికి స్పందించే యాంటీబాడీలు బలంగా ఉన్న రోగులకూ పెట్టాలి. 4 డిగ్రీల దగ్గర ఉన్న ఒక సంచి పెద్దవారి శరీర ఉష్ణోగ్రతను సుమారు పావు డిగ్రీ తగ్గిస్తుందని లెక్క. ఒక సంచికి అది లెక్కలోకి రాదు. గంటలో ఎనిమిది ఎక్కితే రెండు డిగ్రీలు. అంత చల్లబడిన రోగిలో రక్తం గడ్డకట్టే గుణం మందగించి, ఏ రక్తస్రావాన్ని పూడ్చాలని ఎక్కిస్తున్నామో అదే పెరుగుతుంది.

వార్మర్లు పనిచేసే తీరు ఒకటే: సంచిని కాదు, పారుతున్న రక్తాన్ని వేడిచేస్తాయి. కొన్నింటిలో గొట్టం వేడి పలకల మధ్య నుంచి వెళ్తుంది, కొన్నింటిలో గొట్టం చుట్టూ ఉన్న మరో గొట్టంలో వేడినీరు ఎదురుదిశలో తిరుగుతుంది. మంచి పరికరానికి ఉష్ణోగ్రత చూపే అంకెలు, వేడి హద్దు మీరితే మోగే అలారం ఉంటాయి. 42 డిగ్రీల పరిసరాలు దాటితే ఎర్రకణాలు పగలడం మొదలవుతుంది. వార్మర్ నుంచి రోగి దాకా ఉన్న గొట్టం పొడవుగా ఉంటే ఇచ్చిన వేడి దారిలోనే పోతుందనేది చాలామంది పట్టించుకోని విషయం.

సంచిని వేడినీళ్ల గిన్నెలో పెట్టడం, హీటర్ దగ్గర ఉంచడం, మైక్రోవేవ్‌లో పెట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. సంచి అంచులు ఉడికినట్లై, మధ్య చల్లగానే ఉంటుంది. పగిలిన కణాలలోంచి వెలువడే పొటాషియం, హీమోగ్లోబిన్ గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి; ఇలాంటి రక్తం ఎక్కి రోగులు మరణించిన సందర్భాలున్నాయి. పైగా నీళ్లలో మునిగిన మూతిలోంచే మీరు స్పైక్ గుచ్చుతారు. ‘చలి తగ్గేదాకా’ సంచిని బల్ల మీద గంటసేపు ఉంచడం కూడా తప్పే. ఫ్రిజ్ బయట సూక్ష్మజీవులు పెరగడానికి వ్యవధి దొరుకుతుంది. అందుకే ఎర్రకణాల సంచి బయటికి వచ్చిన 30 నిమిషాలలో మొదలుపెట్టాలి, 4 గంటలలో ముగించాలి. 4 గంటలైనా మిగిలి ఉంటే మిగిలినది వదిలివేయాలి. ఆ వ్యవధిలో ముగియదని ముందే తెలిస్తే సంచిని చిన్న భాగాలుగా పంపమని బ్లడ్ బ్యాంకును అడగవచ్చు. ప్లేట్‌లెట్ల దారి వేరు: అవి 20 నుంచి 24 డిగ్రీల మధ్య, నిరంతరం కదిలే పలక మీద నిల్వ ఉంటాయి. వాటిని ఫ్రిజ్‌లో పెట్టకూడదు, కొత్త సెట్‌తోనే ఎక్కించాలి. ఎర్రకణాలు దిగిన సెట్‌లో వలకు అంటుకున్న చెత్తలో ప్లేట్‌లెట్లు చిక్కుకుపోతాయి.

పంపు విషయంలో సమాధానం ఆ పంపు పుస్తకంలో ఉంది. ఇన్ఫ్యూజన్ పంపు గొట్టాన్ని విడతలు విడతలుగా నొక్కుతూ ద్రవాన్ని తోస్తుంది. ఆ నొక్కుడు కొన్నింటిలో కణాలను పగలగొట్టేంత గట్టిగా, కొన్నింటిలో సున్నితంగా ఉంటుంది. బయటి నుంచి చూసి తేల్చలేము. రక్తానికి, అందులోనూ ప్యాక్డ్ సెల్స్‌కు వాడవచ్చని తయారీదారు స్పష్టంగా రాసి ఉండాలి. ఆ పంపుకు ఉద్దేశించిన, 170–200 మైక్రాన్ల వల ఉన్న బ్లడ్ సెట్ దొరకాలి. ఈ రెండూ ఉంటే పంపు మంచిదే, ముఖ్యంగా వేగం కచ్చితంగా ఉండవలసిన రోగులకు. అయితే వృద్ధురాలి కథ పంపుకూ వర్తిస్తుంది. క్యానులా జారినా పంపు తన పని తాను చేసుకుపోతుంది. పీడనం పెరిగిందని అలారం మోగేసరికి చాలా రక్తం కండలోకి వెళ్లిపోయి ఉండవచ్చు. అలారం మోగలేదంటే అంతా బాగుందని కాదు.

నవజాత శిశువులకు సిరంజి పంపు వాడతాం. 3 కిలోల శిశువుకు కిలోకు 15 మిల్లీలీటర్ల చొప్పున 45 మిల్లీలీటర్లు 4 గంటలలో ఇవ్వాలంటే గంటకు సుమారు 11 మిల్లీలీటర్లు. ఇంత చిన్న ప్రవాహాన్ని చుక్కలు లెక్కపెట్టి సాధించడం కష్టం. ఇక్కడ తరచు మరిచిపోయేది వడపోత. సంచిలోంచి సిరంజిలోకి తీసేటప్పుడే వల గుండా తీయాలి, లేదా సిరంజి నుంచి శిశువుకు పోయే దారిలో వల ఉండాలి. సిరంజి మీద సంచి నంబరు, రోగి వివరాలు, తీసిన సమయం రాయకుండా బల్ల మీద పెట్టడమంటే పేరు లేని రక్తాన్ని తయారుచేయడమే.

తెల్లకణాలను తొలగించే ఫిల్టర్ గురించి మీరు ఒక వాక్యంలో అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. అది మామూలు వలకు ప్రత్యామ్నాయం కాదు, పని వేరు: జ్వరపు ప్రతిచర్యలను, తెల్లకణాల ద్వారా సంక్రమించే సైటోమెగాలోవైరస్ వంటి వాటిని తగ్గించడం. ఆ వడపోత బ్లడ్ బ్యాంకులో నిల్వకు ముందే జరగడం మేలు. పడక దగ్గర వాడేటప్పుడు, ఏసీఈ ఇన్హిబిటర్ రకం బీపీ మందులు వేసుకునేవారిలో కొందరికి రక్తపోటు హఠాత్తుగా పడిపోయిన సందర్భాలున్నాయి, ఆ మందుల జాబితా ముందే చూసుకోండి. రేడియేషన్ ఇచ్చిన రక్తం కావాలని డాక్టరు రాసి ఉంటే, ఈ ఫిల్టర్ దానికి బదులు కాదు.

ఇన్ని పరికరాలు చెప్పాను గానీ, సరిపడని రక్తం ఎక్కిన దుర్ఘటనలలో సెట్‌దో పంపుదో తప్పు ఉండటం అరుదు. నమూనా ఒకరిది తీసి మరొకరి పేరు రాయడం వల్లనో, సంచిని ఒకరిదనుకుని మరొకరికి తగిలించడం వల్లనో అవి జరుగుతాయి. స్పైక్ గుచ్చే ముందు రోగి చేతిపట్టీ మీది పేరు, నంబరు, సంచి చీటీ మీది పేరు, నంబరు, గ్రూపు, గడువు తేదీ పడక పక్కనే నిలబడి సరిచూడాలి. నర్సుల బల్ల దగ్గర కాగితాలు చూసి కాదు. రోగి మాట్లాడగలిగితే ‘మీ పేరు ఫలానా కదా’ అని కాకుండా ‘మీ పేరు చెప్పండి’ అని అడగాలి. మగతలో ఉన్నవారు మొదటి ప్రశ్నకు దేనికైనా తల ఊపుతారు.

చివర్లో మీరు అడిగిన చిన్న సందేహం: సంచి ఖాళీ అయ్యాక గొట్టంలో మిగిలిన రక్తాన్ని సెలైన్‌తో తోసివేయాలా? అవసరం లేదు. ఆ కొద్ది మిల్లీలీటర్ల కోసం తోసే సెలైన్ గుండె బలహీనంగా ఉన్నవారికి, శిశువులకు అదనపు భారమే. తరువాత వేరే ద్రవం పెట్టవలసి ఉంటే కొత్త సెట్ వాడండి. అయితే ప్రతిచర్య అనుమానం వచ్చినప్పుడు, అంటే చలి, వణుకు, నడుం నొప్పి, ఊపిరాడకపోవడం, ఎర్రటి మూత్రం వంటివి కనిపించినప్పుడు, ‘అవసరం లేదు’ కాదు, ‘తోయనే కూడదు’. క్లాంప్ వెంటనే మూసి, సెట్‌ను క్యానులా దగ్గరే విడదీసి, కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి సిరను తెరిచి ఉంచి డాక్టరును పిలవాలి. పాత గొట్టంలోంచే సెలైన్ వదిలితే దానిలో మిగిలిన రక్తం అంతా రోగిలోకి వెళ్తుంది. విడదీసిన సెట్‌ను చెత్తబుట్టలో వేయకుండా, చివర మూతపెట్టి, సంచితో కలిపి అలాగే బ్లడ్ బ్యాంకుకు పంపాలి. వారు పరీక్షించవలసినది ఆ సంచిలో, ఆ గొట్టంలో మిగిలినదే.